పేరు పిలిచాక అర నిమిషం

2023లో నాకు కర్ణాటకలోని బాగేపల్లి బస్టాండు వెనక ఒక వీడియో షాపు ఉండేది. ఇప్పటికీ ఉంది. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, సీమంతాలు తీసి, రాలేని చుట్టాలకు లైవ్‌లో చూపించడం నా పని. ఏడో తరగతిలో నేను బడిని వదిలేశాను. బడి కూడా నా మీద పెద్దగా బెంగ పెట్టుకోలేదు. కెమెరాలు, కేబుళ్ళు, ఇంటర్నెట్టు అన్నీ చేతులు కాల్చుకుని నేర్చుకున్నవే. కాబట్టి ఈ పనిలో నాకు తెలియనిది లేదన్న నమ్మకం గట్టిగా ఉండేది. ఆ నమ్మకానికి తూట్లు పొడిచిన మనిషి గురించి రాస్తున్నాను.

చింతామణి తాలూకాలో, బట్లహళ్ళి దగ్గర ఒక పంచాయితీ నుంచి పీడీఓ మేడం ఫోన్ చేశారు. పీడీఓ అంటే పంచాయితీ ఆఫీసును నడిపే అధికారి. గ్రామసభను ఇళ్ళలో ఉన్నవాళ్ళకు కూడా చూపించాలని ఆమె పట్టుదల. ప్రభుత్వం కట్టించే ఇళ్ళు ఎవరికన్నది ఆ సభలోనే తేలుతుంది. అర్జీదారుల పట్టీలో ఉన్న పేరు పిలుస్తారు. ఆ మనిషి లేచి ఉన్నానని చెప్పాలి. పలకకపోతే తర్వాతి పేరు. ప్రతి ఏడూ సభ అయిపోయాక, మా పేరు ఎప్పుడు పిలిచారని ఆఫీసు ముందు గొడవ.

ఇది పెళ్ళికంటే సులభం మేడం, ఇక్కడ అలకపాన్పు కూడా లేదు అన్నాను. ఆమె నవ్వలేదు. సర్కారు ఉద్యోగులు నా జోకులకు నవ్వాలంటే పైనుంచి ఆర్డరు రావాలేమో.

సభకు వారం ముందు ట్రయల్ పెట్టాం. మొదట అందరూ ఉచితంగా చూసే ఒక వీడియో సైటులో పెట్టాను. పంచాయితీ అధ్యక్షులు వెంకటరెడ్డప్ప తాగునీళ్ళ గురించి గంభీరంగా మాట్లాడుతుండగా నడుమ బనియన్ల ప్రకటన దూరింది. కింద ఎవరో ఆయన మీసం మీద వ్యాఖ్యలు రాయడం మొదలుపెట్టారు. నిజానికి అది పై పెదవిని పూర్తిగా కప్పేసే మీసం, వ్యాఖ్యకు తగినదే. కానీ సభకు అది తగదు. తర్వాత మీటింగ్ లింకు పంపాను. లింకు ఉన్న ఎవరైనా లోపలికొచ్చి మాట్లాడొచ్చు. ఊళ్ళో లింకు పంచిన పది నిమిషాలకు ఎవరో మహానుభావుడు తన ఫోన్లో సినిమా పాట పెట్టి సభలోకి వదిలాడు. అధ్యక్షులు ఒక చరణం దాకా తల ఊపి, అప్పుడు కోప్పడ్డారు.

చివరికి మూడోదానికి వచ్చాం. చూడడం అందరూ చూడొచ్చు. మాట్లాడాలంటే మాత్రం వెయిటింగ్ రూములో ఆగాలి, అంటే గడప బయట నిలబడ్డట్టు. మేడం పేరు సరిచూసి లోపలికి వదులుతారు. రికార్డింగు పంచాయితీ దగ్గరే ఉంటుంది. పట్టీలో ఆధార్ నంబర్లు ఉంటాయి గనక ఆ కాగితం కెమెరాకు చిక్కకూడదని మేడం నాకు రెండుసార్లు చెప్పారు. మూడోసారి నా కెమెరాకు చెప్పారు.

ఇక చెవులు వినపడనివాళ్ళకు క్యాప్షన్లు కావాలి. మాట్లాడిన మాట తెర మీద అక్షరాలుగా రావడమే క్యాప్షన్. మిషనే రాసేస్తుందని గొప్పలు చెప్పి కన్నడం అని నొక్కాను. మా సభలు కాగితం మీద కన్నడంలో, నోటి మీద తెలుగులో నడుస్తాయన్న సంగతి ఆ మిషనుకు ఎవరు చెప్పాలి? రెండు నిమిషాలకే చేతులెత్తేసింది. పంచాయితీ గ్రంథాలయం చూసుకునే మంజుల, తాను టైపు చేస్తానంది. తెలుగు మాటను కన్నడ అక్షరాల్లో. అందరం చదివింది కన్నడ బళ్ళో కదా, మా ఇళ్ళలో సరుకుల చీటీలు కూడా అలాగే ఉంటాయి.

అది పనిచేస్తుందో లేదో చూడ్డానికి మేడం రత్నమ్మను పిలిపించారు. జాకెట్లు కుట్టే మనిషి. పదేళ్ళ వయసులో జ్వరమొచ్చి వినికిడి మొత్తం పోయింది. మాట మాత్రం మిగిలింది, ఎత్తూ పల్లం లేకుండా ఒకే తీరుగా ఉంటుంది. అన్న ఇంటి పక్క రేకుల కొట్టంలో ఉంటోంది. వాన పడితే తాను తడిసి కుట్టు మిషను మీద ప్లాస్టిక్ పట్ట కప్పుతుంది. పోయినేడు ఇదే హాల్లో ఆమె పేరు పిలిచారు. రెండో వరసలో కూర్చునే ఉంది. వినపడలేదు, లేవలేదు, పేరు దాటిపోయింది.

ఆమె చేతిలో ఫోన్ పెట్టి, చూడమ్మా నా పనితనం అన్నట్టు నిలబడ్డాను. ఆమె ఫోన్ చూసింది, అధ్యక్షులను చూసింది, మళ్ళీ ఫోన్ చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"అప్పా, ఈడ అధ్యక్షులు టీ తాగేసి గ్లాసు కింద పెట్టేసినారు. నీ ఫోన్లో ఇంకా ఊదుకుంటాండారు."

దీన్ని మా పనిలో లేటెన్సీ అంటారు. ఇక్కడ జరిగింది అక్కడ కనపడడానికి పట్టే ఆలస్యం. నేను ఎంచుకున్నదాంట్లో అది దాదాపు అర నిమిషం. ఇన్నేళ్ళలో ఒక్క పెళ్ళివారూ దాన్ని పట్టించుకోలేదు. తాళి కట్టడం అర నిమిషం తర్వాత చూసినా ఆ పెళ్ళి పెళ్ళే. నేనూ పట్టించుకోలేదు.

"ఈ అర నిమిషంలో మూడు పేర్లు దాటిపోతాయి కదప్పా," అంది రత్నమ్మ.

పరువు కాపాడుకోవాలని మంజుల ల్యాప్‌టాప్ నుంచి హాల్లోని ప్రొజెక్టరుకు నేరుగా కేబుల్ లాగాను. ఇంటర్నెట్టుతో పనిలేదు, ఆలస్యమూ లేదు. టైపు కొట్టగానే తెర మీద అక్షరం. ఈసారి మెచ్చుకుంటుందని చూశాను.

"నాకైతే తెర ఉండాది. మంచాన పడినోళ్ళకి, ఇటికెల బట్టీకి పోయినోళ్ళకి? వాళ్ళకి నీ అర నిమిషం తప్పదు కదా. పేరు పిలిచినాక ఆగమను."

అధ్యక్షులకు చిర్రెత్తింది. "పేరు పేరుకీ ఆగేదానికి నేనేమన్నా బస్సు కండక్టరునా?"

"కండక్టరయితే ఆగనే ఆగడప్పా. మీరు ఆగాల," అన్నాను. ఆ రోజు మేడం మొదటిసారి నవ్వారు. నవ్వి, రూలు రాసేశారు. పేరు పిలిచాక అధ్యక్షులు చేతులు కట్టుకుని అర నిమిషం నిలబడాలి. పిలిచిన మనిషి తప్ప ఎవరూ మాట్లాడకూడదు.

సభ రోజు హాలు నిండిపోయింది. మొదటి రెండు పేర్లవాళ్ళు వెంటనే లేచినా అధ్యక్షులు అర నిమిషం ఆగే ఉన్నారు, ఆ మౌనం చూసి జనానికి నవ్వొచ్చింది, దగ్గొచ్చింది. మూడో పేరుకు హాల్లో ఎవరూ లేవలేదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు, అర నిమిషం కావస్తోంది. ఇంకేం పలుకుతారులే అనుకుంటుండగా స్పీకర్లోంచి ఊపిరాడని గొంతు వచ్చింది: "ఉండాను సామీ, ఉండాను." బెంగళూరు అవతల ఇటుకల బట్టీలో ఉన్న మనిషి. వెనకాల ట్రాక్టరు శబ్దం వినపడుతోంది. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఆ మనిషి గొంతు ఆ హాల్లోకి రావడానికి దారి నేను వేశాను. కానీ అది వచ్చేదాకా తలుపు తెరిచి ఉంచమన్నది మాత్రం రత్నమ్మ.

అక్కడ ఆగి ఉంటే నా పేరు నిలిచేది. కరెంటు పోయింది. కెమెరాకు, నెట్ డబ్బాకు బ్యాటరీ పెట్టాను గనక బయటివాళ్ళకు సభ నడుస్తూనే ఉంది. ప్రొజెక్టరును మాత్రం గోడకున్న ప్లగ్గులోనే పెట్టాను. పెళ్ళిలో ప్రొజెక్టరు ఆగిపోతే ఎవరికి నష్టం? ఆ అలవాటే ఇక్కడా. తెర నల్లబడింది. నేను హాలు చివర వైర్ల మధ్య మోకాళ్ళ మీద ఉన్నాను. తెర అధ్యక్షుల వీపు వెనక ఉంది, అది నల్లబడ్డ సంగతి ఆయనకు తెలియదు. తర్వాతి పేరు పిలిచేశారు.

రత్నమ్మ.

పిలిచి, రూలు ప్రకారం చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ మీసం కింద పెదవి కదలిక ఎవరికీ కనపడదు. ఆమె రెండో వరసలో నావైపు వీపు పెట్టి కూర్చుంది. పక్కవాళ్ళు తెర ఉంది కదా అనుకున్నారేమో, ఎవరూ ఆమెను తట్టలేదు. కేక వేద్దామని నోరు తెరిచి, ఎవరికోసం వేస్తున్నానో గుర్తొచ్చి మూసుకున్నాను. లేచి పరుగెత్తబోతే కాలికి వైరు చుట్టుకుంది. ఆమె నల్లటి తెర చూసింది, అధ్యక్షులను చూసింది, మెల్లగా తల తిప్పి హాలంతా చూసింది. తర్వాత లేచి నిలబడింది.

"రత్నమ్మ. ఉండాను."

మేడం పట్టీలో గుర్తు పెట్టారు. అధ్యక్షులు తర్వాతి పేరుకు వెళ్ళారు. జరిగిందేమిటో హాల్లో సగం మందికి తెలియనే లేదు.

సభ అయ్యాక, ఎలా తెలిసిందమ్మా అని ఫోన్లో టైపు చేసి చూపించాను. ఆమె చదివి, బట్టకు కొలత చెప్పినంత మామూలుగా చెప్పింది.

"వినపడినోళ్ళు ఎంటనే లేస్తారు. ఈతూరి ఎవురూ లేయలేదు. ఆయప్ప ఆగే ఉండారు. అయితే బయటోళ్ళ పేరయినా అయ్యుండాల, నా పేరయినా అయ్యుండాల. నాది కాకపోతే నవ్వతారు. అంతే కదా."

నేను తెర మీద అక్షరాలు చదివించాలని చూశాను. ఆమె అందరి మౌనాన్ని చదివింది. ఈ పనిలో ఎన్నో కెమెరాలు మార్చాను గానీ, అంత స్పష్టంగా చూసే కన్ను నాకు ఇంతవరకు దొరకలేదు.

నా ప్రొజెక్టరుకు ఇప్పుడు బ్యాటరీ ఉంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి నేర్చుకున్నాను. ఏ పంచాయితీవాళ్ళు లైవ్ కావాలని వచ్చినా, కెమెరా సంగతి తర్వాత, పేరు పిలిచాక మీరు ఎంతసేపు ఆగగలరో ముందు చెప్పండి అంటాను. నేను అన్నాను గనక జోకనుకుని కొందరు నవ్వుతారు. నవ్వడం అయిపోయేదాకా ఆగి, మళ్ళీ అడుగుతాను.