కాదని చెప్పడం నేర్పిన మా సార్

"అక్కా, సార్ పోయినాడక్కా" అని ఫోన్లో ఒక్క మాట చెప్పి, సార్ దగ్గర ఇంటర్వ్యూకు తయారవుతున్న కుప్పం అమ్మాయి ఏడ్చేసింది. పొద్దున టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. నేను అప్పుడు బెంగళూరులో ఆఫీసుకు బయలుదేరుతున్నాను. ఆ పిల్లను ఊరుకోబెట్టబోతే, తనే మళ్లీ అంది: "ఎల్లుండి నాకు ఇంటర్వ్యూ ఉండాది. నేను పోనక్కా. సార్ లేకుంటే నా వల్ల కాదు."

చూశారా, మా సార్ పోయిన రోజు కూడా మా మధ్య నడిచిన మాట బిజినెస్ స్కూలు ఇంటర్వ్యూ గురించే. ఆయన వినుంటే తెగ సంబరపడేవారు.

మా సార్ మదనపల్లెలో కామర్స్ లెక్చరర్‌గా పనిచేసి, రిటైరయ్యాక పుంగనూరులో ఇల్లు కట్టుకున్నారు. ఎంబీఏ చదవాలనుకునే పిల్లలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆదివారం ఆదివారం ఆయన వసారాలో చేరేవాళ్లం. నేను పెద్దపంజాణి దగ్గర పల్లె నుంచి వచ్చేదాన్ని. తంబళ్లపల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు ఉండేవారు. బోర్డు లేదు, ఫీజు లేదు. సార్‌కు ఉన్నదల్లా ఉత్సాహమే. ఎవరైనా మంచి జవాబు చెబితే కుర్చీలో కూర్చోలేకపోయేవారు. లేచి తొడ చరిచి, "అబ్బబ్బబ్బా! ఇంకోసారి సెప్పు, ఇంకోసారి సెప్పు" అనేవారు. ఆ రెండోసారి వినడానికి లోపలున్న అమ్మను కూడా కేకేసి పిలిచేవారు. అమ్మ అంటే సార్ భార్య. మేమందరం ఆమెను అట్లాగే పిలిచేవాళ్లం.

ఆయన ఇచ్చిన సలహాలు ఏ కోచింగ్ సెంటర్లోనూ వినలేదు నేను. ఎంబీఏ ఎందుకు అనే వ్యాసం కంప్యూటర్ ముందు కూర్చుని రాయనిచ్చేవారు కాదు. "ముందు మీ నాయన కాడికి పో. యాల సదవాలనుకుంటాండావో ఆయనకు సెప్పు. ఆయనకు అర్థమైతే ఆ స్కూలోళ్లకు కూడా అర్థమైతాది" అనేవారు. మా నాన్న పాలు పిండుతుంటే నేను దూడను పట్టుకుని చెప్పాను. "అదంతా సరే గానీ, నీకేం కావల్లో అది సెప్పు" అన్నాడు మా నాన్న. నేను రాసుకున్న 'నాయకత్వ లక్షణాలు', 'అంతర్జాతీయ దృక్పథం' అన్నీ ఆ ఒక్క మాటకు ఎగిరిపోయాయి. నేను పనిచేసే పాల కేంద్రంలో ఆడవాళ్లు క్యూలో నిలబడి ఎందుకు విసుక్కుంటారో, దాన్ని మార్చాలంటే నాకు ఏం తెలియాలో, అదే రాశాను.

సిఫార్సు లేఖల విషయంలోనూ అంతే. ఎమ్మెల్యేతో రాయిస్తానని ఒకడు గొప్పగా వస్తే సార్ నవ్వి, "ఆయనకు నీ పేరు తెల్సునా? నిన్ను బాగా తిట్టిన మేనేజర్ ఎవురన్నా ఉంటే ఆయన కాడ రాయించుకో. తిట్టినోడికే నీ పని తెల్సు" అన్నారు. దొరికిన ప్రతి స్కూలుకూ దరఖాస్తు పెడితే ఆయనకు చిరాకు. ఆ స్కూల్లో చదివిన వాళ్లతో మాట్లాడకుండా ఫారం నింపడమంటే పిల్లను చూడకుండా ముహూర్తం పెట్టుకోవడమేనని ఎగతాళి చేసేవారు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆయన అసలు పట్టు పట్టింది మా తలల మీద. అవి ఊరికే ఊగేవి. మా ప్రాంతంలో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో కాదనకూడదు. "అవునప్పా", "సరేనప్పా" అంటూ తలూపాలి. ఇంట్లో, పొలంలో, పెళ్లిళ్లలో అదే మర్యాద. ఆ మర్యాదనే మూటగట్టుకుని ఇంటర్వ్యూకు పోయేవాళ్లం.

నా మొదటి ఇంటర్వ్యూ కథ సార్‌కు ఎంతో ఇష్టం. ఎంత మంది కొత్తవాళ్లు వస్తే అన్నిసార్లు నాతో చెప్పించారు. ఆ రోజు ప్యానెల్లో ఒక తెల్లజుట్టు పెద్దాయన, "ఎండాకాలంలో మీ మదనపల్లెకు టమోటా రాదు కదా?" అన్నాడు. ఎండాకాలంలోనే మా మార్కెట్ కళకళలాడేది. దేశమంతా లారీలు పోయేది అప్పుడే. ఆ ముందు వారమే మా చేన్లో కాయలు కోసి క్రేట్లకెత్తిన చేతులు నావి. అయినా నా నోరు "అవును సార్" అంది. తల కూడా ఊగింది. ఆయన అక్కడితో ఆగకుండా ఇంకో తప్పు చెప్పాడు. దానికీ అవునన్నాను. సీటు రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతే ఎవరో చెబితే సార్ దగ్గరికి వచ్చాను. ఇది విని ఆయన నవ్వలేదు, తిట్టలేదు. కళ్లు పెద్దవి చేసి, "అట్లయితే నీకు జవాబు తెల్సు! తెల్సు గదా! ఇంకేం గావల్ల పాపా, సగం పని అయిపోయినట్టే" అని వసారా అంతా తిరిగేశారు. ఓడిపోయి వచ్చిన దాన్ని, గెలిచినట్టు కూర్చోబెట్టారు.

దీనికి ఆయన కనిపెట్టిన మందు ఒకటుంది. టీ వచ్చే వేళకు సార్ ఒక తప్పు మాట అనేవారు. మామూలుగా, పేపర్ తిప్పుతూ, పెద్దరికంగా. "మన పుంగనూరు ఆవు గుర్రమంత ఎత్తు గదా" అనో, "కుప్పంలో రైలు ఆగదు గదా" అనో. తలూపినవాడు లేచి అందరికీ టీ పోయాలి. కాదన్నవాడికి మొదటి గ్లాసు. కాదనడానికి కూడా ఒక పద్ధతి. పెద్దాయన మాట పూర్తిగా వినాలి. 'మీరు చెప్పింది విన్నాను, నాకు తెలిసింది వేరే' అనాలి. ఆ తెలిసింది ఏమిటో ఒక కారణంతో చెప్పాలి. గొంతు పెంచకూడదు, దించకూడదు. "కాదంటే మర్యాద పోతాదని ఎవురు సెప్పినారు మీకు? నిజం సెప్పేది కూడా మర్యాదే" అనేవారు. లోపలి నుంచి అమ్మ, "ఈ మనిషి దినానికి ఇన్ని అబద్ధాలు ఆడతాండాడు, పిల్లోళ్లు బాగుపడేది ఎట్లబ్బా" అని నవ్వేది.

మరుసటి ఏడు మళ్లీ పోయాను. ప్యానెల్లో ఒక మేడం, "చిన్న ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు లెక్కలు వస్తాయి కానీ మనుషులతో మాట్లాడటం రాదు" అన్నారు. నా తల ఊగడానికి సిద్ధమైంది. ఆపాను. "మీరు చెప్పింది విన్నాను మేడం, నాకు తెలిసింది వేరే" అన్నాను. పాల కేంద్రం తెరవకముందే క్యూలో గొడవపడే ఆడవాళ్లను సముదాయించే నా పని గురించి చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టి వినడం మొదలుపెట్టారు. ఫలితం వచ్చిన రోజు ఫోన్ చేస్తే సార్ చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తారట. కిరాణా కొట్లో చక్కెర తూచుకుంటున్న మనిషిని పట్టుకుని, "మా పాప కాదనేసింది! మొగం మీదే కాదనేసింది!" అని ఊపేశారట. ఆ మనిషి ఏదో సంబంధం చెడిపోయిందనుకుని పాపం జాలిపడ్డాడట.

పోయిన నెల చూడటానికి వెళితే సార్ పాదాలు వాచి ఉన్నాయి. "నాకేమైంది? గుండ్రాయి మాదిరి ఉండా" అన్నారు. నేను కాదన్నాను. పాదాలు చూపించి, ఆయాసం చూపించి, కారణాలతో సహా కాదన్నాను. "అబ్బబ్బబ్బా! ఏం సెప్పినావు పాపా!" అని చప్పట్లు కొట్టి టీ ఇప్పించారు. ఆసుపత్రికి మాత్రం పోలేదు. దానికి నాకు ఇప్పటికీ కోపమే.

ఇక కుప్పం అమ్మాయి. మా అందరిలోకీ తెలివైంది, అందరిలోకీ భయస్తురాలు. ఆదివారాలన్నీ వచ్చింది, అందరికీ టీ పోసింది. ఒక్కసారి కూడా కాదనలేదు. సార్ పోయేదాకా ఆయనకున్న బెంగ ఆ పిల్లే. "దానికి ఒక్కసారి నోరు పెగిలితే సాలు, ఆ స్కూలోళ్లే వచ్చి తీసుకుపోతారు" అనేవారు.

ఫోన్ వచ్చిన పూటే నేను పుంగనూరు చేరుకున్నాను. దహనం అయిన మర్నాడు సాయంత్రం నేనే ఆ వసారాలో కూర్చుని ఆ పిల్లతో సాధన చేయించాను. ఏమేమో తప్పులు చెప్పాను. కళ్లు తుడుచుకుంటూ అన్నిటికీ తలూపింది. అమ్మే చివరికి బయటికొచ్చి, "పో పాపా. వచ్చినా రాకున్నా పోయి రా. ఆయన పోయినాడని నువ్వు ఆగిపోతే నాకు ఇంకా బాధ" అంది. దానికీ తలూపింది. సరే, పోవడానికైనా ఒప్పుకుందని నేను సర్దుకున్నాను.

తెల్లారి ఇంటర్వ్యూకని బెంగళూరు బస్సుకు ఇద్దరం బ్యాగులు తగిలించుకుని బయటికొచ్చాం. మూడో రోజు కార్యానికి వచ్చిన బంధువులు అరుగు మీద కూర్చుని ఉన్నారు. మమ్మల్ని సాగనంపడానికి అమ్మ గడప దాటింది. సార్ వాళ్ల సొంత అన్న, ఊళ్లో అందరూ మాట వినే పెద్దాయన, మెల్లగానే అన్నారు: "నువ్వు లోపలికి పోమ్మా. పాప మంచి పనికి పోతాండాది. ఇప్పుడు నువ్వు ఎదురు రాకూడదు."

అమ్మ కాలు వెనక్కి తీసుకుంది. అరుగు మీద తలలన్నీ ఊగాయి.

కుప్పం అమ్మాయి తల ఊగలేదు.

"పెద్దయ్యా" అంది. ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది. "మీరు సెప్పింది విన్నాను. నాకు తెల్సింది వేరే. మా బ్యాచ్‌లో ఎవురు ఇంటర్వ్యూకు పోయినా అమ్మే ఆ మలుపు కాడ నుంచి ఎదురొచ్చింది. అందరికీ మంచే జరిగింది. రెండు దినాల్లో అమ్మ ఇంకో మనిషి అయిపోయిందా పెద్దయ్యా? అమ్మ ఎదురొస్తేనే నేను పోతాను."

నాకు తొడ చరచాలనిపించింది. ఇంకోసారి చెప్పు అని అరవాలనిపించింది. చావు జరిగిన ఇంటి ముందు నిలబడి అంత సంతోషం పట్టలేకపోయాను.

పెద్దాయన కండువా తీసి మొహం తుడుచుకున్నారు.  తర్వాత ఆయనే, "పోమ్మా. ఆ మలుపు కాడికి పోయి ఎదురు రా. పాపకు టైమవుతాంది" అన్నారు.

అమ్మ మమ్మల్ని దాటుకుని వీధి చివరి దాకా వెళ్లింది. అక్కడ వెనక్కి తిరిగింది. ఎండ అప్పుడే పైకొస్తోంది. ఎవరైనా పిలిచి ఆపుతారేమో అన్నట్టు మొదట మెల్లగా నడిచింది. ఎవరూ పిలవలేదు. కుప్పం అమ్మాయి బ్యాగు సర్దుకుని ఆమె వైపు అడుగేసింది. సగం దూరం వచ్చేసరికి అమ్మ కొంగు నడుముకు దోపుకుని, చెంపలు తడిసిపోతూ, మా వైపు వడివడిగా వస్తోంది.