మేడ మీద నీళ్ల మాత్ర

ఆరోజు పొద్దున ఉదయగిరిలో మా ఇంటి వసారాలో కూర్చుని చెక్క గరిటెకు ఆకురాయి పెడతా ఉండాను. నలభై ఏళ్లుగా చేస్తున్న పనే. నాలుగుసార్లు రుద్దేసరికి ఆయాసం వచ్చేసింది. చెక్క పొట్టు గొంతులో పడిందనుకున్నాను. పక్కింటామె "గ్యాస్ మరియమ్మక్కా, జీలకర్ర నీళ్లు తాగు" అనింది. రెండు నెలలు అట్టే గడిపినాను. చర్చిలో పాట సగంలో ఆపేసేదాన్ని. పడుకుంటే ఊపిరాడదు, లేచి కూర్చుంటే ఆడతాది. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టలేదు.

ఆత్మకూరులో ఉండే నా కొడుకు ప్రభాకర్ వచ్చి నన్ను నెల్లూరు తీసుకుపోయినాడు. ఈసీజీ, ఎక్స్‌రే, ఎకో తీసినారు. డాక్టరమ్మ ఎకో రిపోర్టు చూసి "హార్ట్ ఫెయిల్యూర్ పెద్దమ్మా" అనింది. "గుండె ఆగిపోయిందా అమ్మా?" అన్నాను. "గుండె ఆగిపోయిందని కాదు. పంపింగ్ తగ్గింది. అందుకే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది" అనింది. ఉప్పు తగ్గించమనింది. ఒంట్లో నీరు దింపేదానికి రోజూ పొద్దున ఒక మాత్ర రాసింది. మేము దాన్ని నీళ్ల మాత్ర అంటాము.

"ఒక్కదానివే ఉండొద్దు" అని కొడుకు నన్ను ఆత్మకూరు తెచ్చుకున్నాడు. వాళ్లుండేది మేడ మీద. పద్దెనిమిది మెట్లు. బాత్రూం కింద.

మాత్ర వేసుకున్న గంటకే ఒంటేలు మొదలయ్యేది. దిగి పోయి, తిరిగి ఎక్కేటప్పుడు ఆరో మెట్టు మీద కూలబడేదాన్ని. పైకి చేరి ఊపిరి తీసుకునేలోపే మళ్లీ వచ్చేది. కొడుకూ కోడలూ తొమ్మిదికల్లా పనులకు పోతారు. దిగితే ఎక్కలేను, పైనే ఉంటే ఆపుకోలేను. సాయంత్రం దాకా నేనూ, కిటికీ ఊచలూ, కింద పోయే ఆటోల చప్పుడూ. ఒకరోజు మెట్ల మీదే చీర తడిసిపోయింది. ఎవరూ చూడకముందే ఉతుక్కున్నాను.

మరుసటి రోజు నుంచి మాత్ర నోట్లో వేసుకున్నట్టు చేసి, కొంగులో ముడేసుకున్నాను. రెండు మూడు రోజులు హాయిగా ఉండింది. తర్వాత కాళ్లు మళ్లీ ఉబ్బినాయి. పదోరోజుకు ఆయాసంతో మాట పెగల్లేదు. ఇద్దరు ఆటోవాళ్లు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించినారు.

నెల్లూరులో ఆ డాక్టరమ్మ ఆసుపత్రిలోనే ఆక్సిజన్ పెట్టినారు, ఇంజెక్షన్లు ఇచ్చినారు. "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా?" అని డాక్టరమ్మ అడిగితే వేసుకుంటున్నానని అబద్ధం చెప్పినాను. నా చీర మార్చేటప్పుడు కోడలు సునీతకు కొంగు ముడి చేతికి తగిలింది.

"అత్తా, ఇవేంది?"

దాచేదానికి ఇంకేమీ లేదు. "బాత్రూం కింద ఉండాది తల్లీ" అన్నాను.

"నాకు చెప్పకపోతే ఎట్టమ్మా?" అన్నాడు ప్రభాకర్. వాడి కళ్లలో నీళ్లు తిరిగినాయి.

"ఏమని చెప్పేదిరా? కన్నకొడుకుతో ఆ మాట చెప్పేదా?"

 అక్కడే ఉన్న డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని "నేనూ అడగలేదు పెద్దమ్మా, అడగాల్సింది" అనింది.

ఇంటికి పంపేముందు ఫిజియోథెరపీ అమ్మాయి ఒక పద్ధతి నేర్పింది. ఆయాసం వస్తే ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా గాలి ఊదాల. ముఖానికి ఫ్యాన్ గాలి తగిలేటట్టు కూర్చోవాల. కంగారు పడితే ఆయాసం ఇంకా పెరుగుతాదని చెప్పింది.

ఇప్పుడు నా మంచం పక్కన కమోడ్ కుర్చీ ఉండాది, దానికి ఒక తెర. దాని మీద మొదటిసారి కూర్చున్న రోజు ఏడ్చినాను. మాత్ర మాత్రం రోజూ వేసుకుంటున్నాను. నీరు చేరితే బరువు పెరుగుతాదని, పొద్దున్నే నా బరువు చూసి సునీత క్యాలెండరు మీద రాస్తాది. కింద ఇల్లు కోసం వెతకతా ఉండారు, ఇంకా దొరకలేదు. ఆదివారం ఒక్కరోజే కిందికి దిగుతాను. తిరిగి ఎక్కేదానికి అరగంట పడతాది, మూడు మెట్లకు ఒకసారి నిలబడి ఊదుకుంటాను. మిగతా ఆరురోజులూ కిటికీ దగ్గరే. దీనికి అలవాటు పడినానని మాత్రం చెప్పలేను.

నా మాదిరి వాళ్లకు ఒక్క మాట. నీళ్ల మాత్ర రాసినప్పుడు, మీ మంచానికి బాత్రూం ఎంత దూరమో, మధ్యలో ఎన్ని మెట్లో అక్కడే డాక్టరుకు చెప్పండి. మీకు సిగ్గయితే పక్కన ఉండే ఆడమనిషి చేత చెప్పించండి.