మిద్దె మీది సిమెంటు

పోయిన వారం ఆళ్లగడ్డ నుంచి బడివాళ్లు కారు పంపి, మీరు మొట్టమొదట ఉద్యోగం చేసిన పాత బడిని బాగు చేస్తున్నాం, ఆనాటి టీచర్లలో మీరొక్కరే మిగిలారు, వచ్చి చూసిపొమ్మంటే, మోకాళ్ల నొప్పులతో వద్దనుకుంటూనే వెళ్లాను. గేటు దాటగానే తొట్టిలో నానుతున్న సున్నం, బెల్లం, కరక్కాయ కలిసిన వాసన తగిలింది. మన ఈడువాళ్లకు ఆ వాసన ఏమిటో చెప్పనక్కర్లేదు. నాకది మా నాయన వాసన.

మా నాయన నంద్యాలలో గచ్చు మేస్త్రీ, మిద్దెల మీద సున్నపు పూత వేసేవాడు. సున్నాన్ని నెల్లాళ్లు నానబెట్టి, ఎద్దుల గానుగలో ఇసుకతో కలిపి తిప్పించి, వేలికి రాసుకుని చూసి, ఇంకా పదును రాలేదంటే మరో వారం ఆగేవాడు. తొందరంటే ఎరగని మనిషి, దానికే మా అమ్మ విసుక్కునేది. ఆ పనితోనే నన్ను ట్రైనింగు దాకా చదివించాడు. పంతొమ్మిది వందల యాభై ఏడు ప్రాంతంలో నాకు ఆళ్లగడ్డలో ఉద్యోగమైంది. తోటి టీచర్లంతా పెద్ద రైతుల ఇళ్లవాళ్లు. మీ నాయన ఏం చేస్తాడని అడిగితే, కంట్రాక్టు పనులని చెప్పాను. అదే మా కొంప ముంచింది.

ఆ వేసవిలో, వానలు పడేలోపల బడి మిద్దె బాగు చేయించాలని, నంద్యాలలో మంచి మేస్త్రీ ఎవరైనా ఉన్నారా అని హెడ్మాస్టరు నన్ను అడిగాడు. ఒకాయన ఉన్నాడన్నానే గాని, మా నాయనేనని చెప్పడానికి నోరు రాలేదు. కబురు అందుకుని, శిరివెళ్ల మీదుగా వచ్చే బస్సు దిగి, తాపీ సంచి భుజాన వేసుకుని మా నాయన బడిలోకి వచ్చాడు. నా ముఖం చూడగానే అర్థమైపోయింది కాబోలు, పలకరించలేదు.

పాత గచ్చు తవ్వి కొత్తది వేయడానికి రెండు నెలలు పడుతుందన్నాడు. హెడ్మాస్టరుకు బడి తెరిచేలోపల కావాలి, పైగా అప్పుడప్పుడే సిమెంటు మోజు. అందరి ముందూ నా వైపు తిరిగి, మీ ఊరి మనిషికి మీరే చెప్పండమ్మా అన్నాడు.

"మేస్త్రీ, సార్ చెప్పినట్టు సిమెంటే పూయండి," అన్నాను. కన్నతండ్రిని మేస్త్రీ అని పిలిచాను.

ఆయన, "పాత గచ్చులో తేమ ఉంటాది టీచరమ్మా. పైన సిమెంటు పూస్తే అది యాడికి పోతాది? దూలాలు మెత్తబడతాయి," అన్నాడు. నేను హెడ్మాస్టరు వైపు చూశాను. "సరే, అట్నే చేస్తాలే," అని నిచ్చెన ఎక్కాడు.

రెండేళ్లు తిరక్కుండా ఒక ఆదివారం వానలో మూడో తరగతి గది కప్పు కూలింది. పిల్లలు లేరు కాబట్టి బతికిపోయాం. నంద్యాల మేస్త్రీ పని ఇంతేనని అందరూ అంటుంటే, సిమెంటు పూయమన్నది మేమేనని హెడ్మాస్టరూ అనలేదు, నేనూ అనలేదు. ఆ మాట నంద్యాల దాకా పాకింది, ఆయన్ను పనికి పిలిచేవాళ్లు లేకపోయారు. సెలవులకు వెళితే తాపీ సంచి అటక మీద కనిపించేది. నన్ను ఒక్క మాట అనలేదు, కానీ పోయేదాకా మళ్లీ పేరు పెట్టి పిలవలేదు, టీచరమ్మా అనే పిలిచాడు. మా అమ్మ అది మురిపెమనుకునేది.

కూలిన గదిని తరువాత కట్టారు గాని, మిగతా గదుల మీద ఆ సిమెంటు ఇప్పటికీ ఉంది. దాన్ని గీకిస్తున్న ఇంజనీరు పిల్ల నాతో, "ఎవరో పని తెలియని మేస్త్రీ అవ్వా, గచ్చు మీద సిమెంటు పూసినాడు," అంది.

"పని తెలిసినాయనే అమ్మా. మా నాయన. పూయమన్నది నేను," అన్నాను. అది జరిగిన అరవై ఏళ్లకు, వినవలసిన వాళ్లెవరూ లేని చోట.

ఆ పిల్ల నొచ్చుకుని, సున్నం ఎన్నాళ్లు నానబెట్టేవాడని మెల్లగా అడిగి, నెల్లాళ్లని రాసుకుంది. గానుగ సున్నం తెలిసిన మనిషి కోసం ఇప్పుడు ఊళ్లూళ్లూ వెతుకుతున్నారట. అప్పట్లో అది తెలిసినాయన మా ఇంటి అరుగు మీద పదేళ్లు ఊరికే కూర్చున్నాడు.