వంతుల బండి

మొన్న మడికొండలో మా అల్లుడు కట్టుకున్న కొత్త ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో ఒక పాత పికప్పు నిలబడి ఉంది. పాత సామాన్లవాళ్ల దగ్గర కొన్నాడట. ఇంజను తిరగదు, ఒక తలుపు సరిగా పడదు, అయినా దాని చుట్టూ తిరుగుతున్న అల్లుడి ముఖంలో కొత్త పెళ్లికొడుకు కళ కనిపించింది. "మామా, దీన్ని ఉన్నదున్నట్టు ఉంచుదామా, లేకుంటె కొత్త ఇంజిన్ పెట్టి ఏసీ గూడ బిగిద్దామా? మీరేమంటరు?" అని అడిగాడు. పెద్దవాణ్ణని మర్యాదకు అడిగిన మాటే. నేను మంచినీళ్లు అడిగి తాగాను. ఆ ప్రశ్న మా ఇంట్లో ఒకప్పుడు ఏళ్ల తరబడి నలిగిందని అతనికి తెలియదు.

నెక్కొండ స్టేషనుకు దగ్గరలో మాకు బియ్యం మిల్లు ఉండేది. ఇప్పుడు చెబితే నమ్మేవాళ్లు లేరు, నమ్మించవలసిన అవసరం నాకూ లేదు. మిల్లు పోయింది, మామిడితోట పోయింది, వరంగల్లులోని మేడలో కింది భాగం అద్దెవాళ్ల పాలయింది. పోయినవాటి గురించి మా ఇంట్లో ఎవరూ బయట నోరు విప్పలేదు. దిగజారామేమో గాని ఎవరి ముందూ వంగలేదు. తాత మంచి రోజుల్లో హైదరాబాదు నుంచి తెప్పించిన అమెరికా పికప్పు ఒక్కటి మాత్రం మిగిలింది. మీలో ఆ కాలంవారికి గుర్తుండే ఉంటుంది, ఆ బండ్ల ముందు భాగం బుగ్గలు పూరించిన మనిషిలా నిండుగా ఉండేది. మాది ముదురాకుపచ్చ రంగు. నికెల్ బంపరు, దంతం రంగు స్టీరింగు, వెనక తొట్టిలో టేకు చెక్కల నేల. అది వీధి మలుపు తిరిగితే చప్పుడును బట్టే ఫలానావారు వస్తున్నారని అరుగుల మీద వాళ్లు సర్దుకుని కూర్చునేవారు.

డెబ్బైల మొదట్లో తాత పోయాక ఆయన కొడుకులిద్దరూ, మా నాన్న అంటే బాపూ, చిన్నాయనా వేరుపడ్డారు. వరంగల్లు ఇల్లు బాపుకు, నెక్కొండ ఇల్లూ మిగిలిన పొలమూ చిన్నాయనకు వచ్చాయి. బండిని రెండుగా కోయలేరు కనుక పెద్దమనుషులు దాన్ని వంతుకు పెట్టారు. మా వైపు బావి నీళ్లకు, కల్లానికి, గుడి నైవేద్యానికి కూడా వంతులు వేసుకోవడం మామూలే. దసరా నుంచి ఉగాది దాకా, పంటలు ఇంటికొచ్చే రోజుల్లో, బండి చిన్నాయనది. ఉగాది నుంచి దసరా దాకా, అంటే పెళ్లిళ్ల ఎండాకాలం కలుపుకుని, మాది. తీసుకునేవాడు ఇచ్చేవాడి ఇంటికి పండుగనాడు స్వయంగా రావాలి, భోంచేయాలి, బండి నడుపుకుంటూ పోవాలి. ఆ ఏర్పాటులో ఎంత వివేకం ఉందో అప్పుడు ఎవరం గమనించలేదు.

చిన్నాయన దసరానాడు ప్యాసింజరు రైల్లో వచ్చేవాడు. అన్న చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కేవాడు, అన్నం తినేవాడు, పికప్పు తీసుకుని నేరుగా వరంగల్లులోనే పోచమ్మ మైదాను దగ్గరున్న బండ్ల మిస్త్రీ షెడ్డుకు పోయేవాడు. అక్కడ తొట్టికి ఇనుప యాంగిళ్లతో ఎత్తయిన జాలీలు, మీద టార్పాలిన్‌కు గొట్టాలు, కింద బరువు ఆపేందుకు అదనంగా కమాన్ పట్టీలు, ముందొక ప్రెషర్ హారను వేయించి, మిరప బస్తాలకు తగిన బండిగా చేసుకుని నెక్కొండకు మళ్లేవాడు. ఉగాదినాడు బాపూ నేనూ రైల్లో వెళ్లి, చిన్నమ్మ పెట్టిన భక్ష్యాలు తిని, బండి తెచ్చుకునేవాళ్లం. మేమూ ఇంటికి రాకముందే అదే షెడ్డుకు. జాలీలూ గొట్టాలూ పట్టీలూ ఊడదీయించి, పాత బంపరు బిగించి, గీతలు పడ్డచోట మళ్లీ ఆకుపచ్చ పూయించి, తాత కాలంలో ఎట్లా ఉండేదో అట్లాగే చేయించేవాడు బాపు.

"రండ్రి పెద్దపటేలా, చీర మార్చుడేనా?" అని నవ్వేవాడు మిస్త్రీ. అతని షెడ్డులో మా బండికి రెండు మూలలు ఉండేవి, పెద్దపటేలు సామాను ఒకవైపు, చిన్నపటేలు సామాను ఒకవైపు. "మీ అన్నదమ్ములు సల్లగుండాలె, మీ పంచాయితి తెగకుండనే ఉండాలె. నా పొయ్యి ఎలుగుతాంది," అనేవాడు. బాపు నవ్వేవాడు కాదు. ఒకసారి రంగు గీకుతుంటే ఆకుపచ్చ కింద నీలం బయటపడింది. అసలు రంగు ఇదేనేమో పటేలా అని మిస్త్రీ అంటే, "నీకెందుకు, దాని మీద పూయి," అన్నాడు బాపు అటు చూడకుండానే.

నేను అప్పటికే హనుమకొండలో ఒక ఆఫీసులో గుమాస్తాను. జీతానికి చేరిన మొదటివాణ్ణి మా వంశంలో నేనే. నా ఉద్యోగం మాట బాపు ఎన్నడూ ఎత్తలేదు. ఎవరైనా అడిగితే వాడు హనుమకొండకు పోయిండు అనేవాడు, ఏదో పని చూసుకుని సాయంత్రానికి తిరిగొచ్చే యజమాని గురించి చెప్పినట్టు. అలాంటి మనిషి పెళ్లిపందిరి ముందు ఆ పికప్పు దిగి, భుజం మీద కండువా సర్దుకుంటే మాత్రం ఎప్పటి పటేలే. అందుకే ఈ వాదంలో నేను ఆయన పక్షం. ఇవాళ్టికీ ఆయన పక్షమే.

చిన్నాయన పక్షంలోనూ న్యాయం లేకపోలేదు. ఒక ఉగాదికి వాళ్ల వాకిట్లోనే అన్నదమ్ములు తగులుకున్నారు.

"ఏందిర ఇది? బండా, గొర్లదొడ్డా?" అన్నాడు బాపు జాలీని చేత్తో ఊపి చూస్తూ.

"నాయన దీన్ని పనికి తెచ్చిండు గని పూజకు తెచ్చిండా అన్నా?"

"పని చేయించుకో, ఎవలొద్దన్నరు? దాని మొకం మార్చకు."

"మొకం జూస్తె మిరపకాయ మార్కెట్‌కు పోతదా?"

చిన్నమ్మ నా విస్తట్లో ఇంకో భక్ష్యం వేసి, "వాల్లిద్దరి నడుమ మనమెందుకు బిడ్డా, నువు తిను. ఇంత నెయ్యి ఏసుకో," అంది. వాళ్లు కూడా అదే కోపంతో వచ్చి కూర్చుని, అదే కోపంతో కడుపునిండా తిన్నారు. చేతులు కడుక్కున్నాక చిన్నాయనే ముందు నడిచి, హ్యాండిలు తిప్పి బండిని స్టార్టు చేసి ఇచ్చాడు. ఎంత తిట్టుకున్నా ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. పైన ఏం తగిలించినా, ఏం విప్పినా, తాతనాటి ఇంజను జోలికి ఎవరూ పోలేదు.

పెట్రోలు రేటు అందకుండా పోయిన రోజుల్లో ఆ కట్టుబాటు తెగింది. ఆ ఉగాదికి మేము నెక్కొండ స్టేషనులో దిగి నడుస్తుంటే దూరం నుంచే డీజిలు ఇంజను టకటక వినిపించింది. ఎవరిదో ట్రాక్టరనుకున్నాను. బాపు మాత్రం నడక ఆపి నిలబడిపోయాడు. ఆ చప్పుడు మా బండిదే. డీజిలు ఇంజను పట్టడానికి బండిని మోసే ఛాసిస్ చట్రంలో అడ్డపట్టీని కోయించాడు చిన్నాయన. ఆనాడు ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. వాదం లేని ఆ భోజనంలో భక్ష్యాలు విస్తళ్లలోనే మిగిలిపోయాయి.

పాత ఇంజను షెడ్డులో భద్రంగానే ఉంది. దాన్నే మళ్లీ ఎక్కించమన్నాడు బాపు. మిస్త్రీ ఈసారి నవ్వలేదు. "పటేలా, జాలీలంటె ఇప్పొచ్చు, బిగియ్యొచ్చు. ఇది ఎముక. ఓ పారి కోస్తిమి, అతుకుతం, మల్ల దసరాకు కోస్తం. ఎన్ని పార్లు తట్టుకుంటది? ఇద్దరు కూసోని జర మాట్లాడుకోండ్రి." బాపు కండువా దులుపుకుని, "నీకు చేతగాకుంటె చెప్పు," అన్నాడు. అతికించారు. ఆ ఎండాకాలం బండి పెళ్లిళ్లకు బాగానే తిరిగింది. దసరాకు చిన్నాయన వచ్చాడు. జమ్మి పెట్టాడు, మొక్కాడు, తిన్నాడు. బానెట్టు ఎత్తి చూసి, "నువ్వు మారవన్నా," అని మాత్రం అన్నాడు. షెడ్డుకు తీసుకుపోయి మళ్లీ కోయించాడు.

సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకు, మిరప బస్తాలతో మార్కెట్‌కు వస్తూ, దారిలో ఆ కోసి అతికిన చోటే బండి నడుం విరిగి కూలబడింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. బస్తాలు పగిలి రోడ్డంతా ఎర్రగా పరుచుకుందట. కబురు తెలిసి నేను ఆఫీసు నుంచే పోయాను. చిన్నాయన రోడ్డు పక్కన కంకర కుప్ప మీద కూర్చున్నాడు. "కోసింది నేనే. అతికించింది మీ బాపు. ఏది ఇరిగిందో నువ్వే జూడు," అన్నాడు. ఆ మాట ఇంట్లో చెబితే బాపు, "కొయ్యకుంటె అతుకెందుకు?" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. అందువల్లనే ఆ తగవు తీర్చడం ఎవరి తరమూ కాలేదు. బండిని విడిభాగాలుగా విప్పి తూకానికి ఇచ్చేశారు.

ఆ ఉగాదికి బాపు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని కూర్చున్నాడు. రైలు వేళ దాటుతోంది, నెక్కొండకు పోవడం లేదా అని అమ్మ అడిగింది. "పోయి ఏం తేవాలె?" అన్నాడు. చాలా కాలం తరువాత చిన్నమ్మ నాతో చెప్పింది, సాయంత్రం ప్యాసింజరు కూడా స్టేషను దాటిపోయేదాకా చిన్నాయన భోజనానికి లేవలేదని. దసరాకు ఆయనా రాలేదు. బాపు వీధి తలుపు తీసి రెండుమూడుసార్లు బయటికి చూసి, గాలి కోసమన్నట్టు అరుగు మీద కాసేపు నిలబడి లోపలికి వచ్చాడు. ఇద్దరూ ఆ తరువాత ఎన్నో ఏళ్లు బతికారు. చావులకూ పెళ్లిళ్లకూ కలిశారు, మర్యాదగా పలకరించుకున్నారు. ఆ మర్యాదను చూడలేక నేను తల తిప్పుకునేవాణ్ణి.

ఇప్పుడు చిన్నాయన కొడుక్కూ నాకూ చెరొక కారుంది. ఒకరి వస్తువు ఒకరు ముట్టుకోవలసిన పని లేదు, వంతు కోసం పండుగదాకా ఎదురుచూడనక్కర లేదు, చెరొక వాకిట్లో ఎవరి బండి వారిది. ఫంక్షన్ హాలులో ఎదురుపడితే చేతులు పట్టుకుంటాం, మైలేజీ ఎంతిస్తుందని అడుగుతాం, ఫోటో దిగుతాం, వచ్చేస్తాం. ఏదో ఒకటి అడగడానికో, ఇవ్వడానికో, కనీసం తగువులాడడానికో వాళ్ల గడప తొక్కి ఎన్నేళ్లయిందో నాకే తెలియదు. మా మధ్య ఇప్పుడు ఏ గొడవా లేదు.