ఆ చొక్కా అక్కది

తొమ్మిదేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఒక్కటే మాట. అది అబద్ధం కూడా కాదు, అందుకే దించుకోవడం చేతకాలేదు. అబద్ధమైతే ఎప్పుడో ఒకనాడు ఒప్పుకునేదాన్నేమో. నిజం చెప్పి మనిషిని ముంచినదాన్ని ఏమంటారో నాకు తెలియదు. మీకు తెలిస్తే మనసులోనే అనుకోండి. వినే ధైర్యం నాకింకా రాలేదు.

నేను డీజేని. బెంగుళూరు క్లబ్బుల్లో పాటలు కలుపుతాను. ఒక పాట అయిపోకముందే దాని కింద ఇంకో పాట మెల్లగా ఎక్కించాలి, ఆడేవాళ్ల కాలు తడబడకూడదు. అదీ నా పని. పేరు చెప్పను. చెబితే ఈ రాతలోని మనుషులు దొరికిపోతారు.

మాది కుప్పం దగ్గర, శాంతిపురం వైపు పల్లె. నాయన మల్బరీ పెట్టి పట్టుపురుగులు పెంచేవాడు. డిగ్రీ అయ్యాక కాల్ సెంటర్లో ఉద్యోగమని రైలెక్కాను. ఏడాది నిజంగానే అక్కడ చేశాను. తర్వాత మానేసి డీజే నేర్చుకుంటూ, ఇంట్లో మాత్రం కాల్ సెంటరే అని చెబుతూ వచ్చాను. ఈ సంగతి తెలిసింది ఒక్క అక్కకే. మా పెదనాయన కూతురు. ఆమెను రేవతి అనుకోండి. వాళ్లది పుంగనూరు. పెదనాయన బస్సు కండక్టరు, పెద్దమ్మ ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. అక్క ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. బెంగుళూరులో ఇద్దరిదీ ఒకే హాస్టల్ గది. చూసినవాళ్లు సొంత అక్కచెల్లెళ్లు అనుకునేవాళ్లు. ముక్కూ గడ్డమూ అంతగా ఒకటి.

మొదటిసారి జనం ముందు వాయించే అవకాశం ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. ఏం వేసుకోవాలో తోచక మంచం మీద బట్టలన్నీ పోసుకుని కూర్చున్నాను. అక్క తన పెట్టెలోంచి నీలం చొక్కా తీసింది. మెడ చుట్టూ ఎర్రదారంతో పెద్దమ్మ చేత్తో పువ్వులు కుట్టిన చొక్కా. "ఇది ఏస్కో, నీకు బాగుంటాది," అంది. తనింకా ఒక్కసారి కూడా వేసుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఎవరో వీడియో తీశారు. రంగు దీపాలు, చెవుల మీద హెడ్‌ఫోన్లు, మొహం మీద జుట్టు, పక్కన గ్లాసు పట్టుకుని ఊగుతున్న మనిషి. ముక్కూ గడ్డమూ కనిపిస్తాయి. చొక్కా బాగా కనిపిస్తుంది. పది రోజులు తిరక్కుండానే అది ఫోన్లు మారి మారి పుంగనూరు చేరింది.

ఒక సోమవారం నేను ఇంటికి వచ్చి ఉన్నాను. పెదనాయన చెప్పాపెట్టకుండా వచ్చాడు. నాయన పురుగుల షెడ్డులో ఆకు వేస్తున్నాడు. అమ్మ కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. పెదనాయన నన్ను వాకిట్లోకి పిలిచి ఫోను చేతికిచ్చాడు.

"ఇది సూడుమ్మా. మొగం సరిగ్గా తెలీడంల్యా. మీ పెద్దమ్మేమో ఆ సొక్కా నేను కుట్టిందే అంటాండాది. ఆ సొక్కా ఎవురిదమ్మా?"

"అక్కది, పెదనాయనా."

అంతే. ఆయన ఇంకేమీ అడగలేదు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు కదా, ఒకరి బట్టలు ఒకరు వేసుకుంటారా అని అడగలేదు. అది నువ్వా అని అడగలేదు. అడిగి ఉంటే? కాదనేదాన్నా, అవుననేదాన్నా? ఎన్నిసార్లు అనుకున్నా ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. ఆ శుక్రవారం నుంచి ఒక క్లబ్బులో వారానికి రెండు రోజులు నాకు పని ఖాయమై ఉంది. నేనే అని చెబితే మళ్లీ రైలెక్కనివ్వరని తెలుసు. ఆ క్షణంలో నాకు కనపడింది అదొక్కటే. అక్క కనపడలేదు. లేదు, కనపడింది. ఇంకేదీ దాచకుండా రాద్దామని కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను, కనపడింది.

కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు. మర్నాడే బెంగుళూరు పోయి అక్కను ఉద్యోగం మాన్పించి తీసుకొచ్చేశాడు. నేను గదికి తిరిగొచ్చేసరికి ఆమె మంచం మీద పరుపు చుట్టి ఉంది. అక్క ఆయనతో ఒకటే చెప్పిందట, అది నేను కాదు నాయనా అని. మరి ఎవరని అడిగితే నోరు విప్పలేదట. ఇదంతా మా అమ్మ ఫోనులో చెబుతూ, నువ్వన్నా జాగ్రత్తగా ఉండు తల్లీ అంది. సరే అన్నాను. ఆ శుక్రవారం నా పనికి పోయాను.

పది రోజులకు అక్క ఫోను చేసింది. ఏడవలేదు, తిట్టలేదు. "నువ్వే చెప్తావని సూస్తాంటిని," అంది. ఆమే ఫోను పెట్టేసింది.

రెండేళ్లు ఆమెను పుంగనూరు దాటనివ్వలేదు. ఆ రెండేళ్లలోనే నాకు పేరొచ్చింది. వేరే ఊళ్ల నుంచి పిలుపులు వచ్చాయి. ప్రతి కొత్త పిలుపుకీ సంతోషం కంటే ముందు చుట్టి ఉన్న ఆ పరుపు గుర్తొచ్చేది. ఎవరైనా ఫోను ఎత్తి నా వైపు పట్టుకుంటే మొహం తిప్పుకునేదాన్ని. ఇప్పటికీ అంతే. అదేదో నా స్టైల్ అనుకుంటారు.

ఒకరోజు పేపర్లో నా ఫోటో పడింది. దాంతో అన్నీ బయటపడ్డాయి. నాయన మూడు నెలలు నాతో మాట్లాడలేదు. తర్వాత ఊళ్లో ఎవరెవరో మెచ్చుకోవడం మొదలుపెట్టాక, ఆ పేపరు కత్తిరించి దాచుకున్నాడు. అప్పుడైనా పాత వీడియో ఎవరికో గుర్తొస్తుందని, గుట్టు తెలిసిపోతుందని రోజూ భయపడ్డాను. తెలిసిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. మా వాళ్లు మాత్రం వేరేగా కలుపుకున్నారు. మొదట రేవతి మొదలుపెట్టిందనీ, దాన్ని చూసి నేను నేర్చుకున్నాననీ అనుకున్నారు. నేను దిద్దలేదు.

రెండేళ్ల కిందట అక్క తమ్ముడి పెళ్లి మదనపల్లెలో జరిగింది. రిసెప్షన్లో నన్నే వాయించమని పెదనాయన అడిగాడు. భోజనాల వేళ నన్నూ అక్కనూ ఒకచోట నిలబెట్టాడు. మనిషి బాగా నీరసించిపోయాడు. అక్క చెయ్యి పట్టుకుని, "ఆ పొద్దు నేను అడ్డం పడకుంటే నువ్వూ ఈ పాప మాదిరి అయ్యుందువు. తప్పు నాదే తల్లీ," అన్నాడు.

తను ఎన్నడూ కోరని దాన్ని, ఎన్నడూ చేయని దాన్ని పోగొట్టానని తండ్రి క్షమాపణ అడుగుతుంటే అక్క ఏమనాలి? పోనీలే నాయనా అంది. అని నా వైపు చూసింది. ఒక్క మాట చాలు అప్పుడు. చుట్టూ అందరూ మావాళ్లే, అందరూ నవ్వుతూ ఉన్నారు. నేను పాట అయిపోతోందని చెప్పి నా మిషన్ దగ్గరికి వెళ్లిపోయాను. వాకిట్లో చేసింది భయంతో చేశాను అని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకున్నాను. ఇది దేంతో చేశాను?

పోయిన నెల ధైర్యం చేసి మదనపల్లె పోయాను. అక్క ఇప్పుడు అక్కడే ఒక రక్తపరీక్షల ల్యాబులో చేస్తోంది. రోజూ పుంగనూరు నుంచి బస్సులో వచ్చిపోతుంది. నేను వెళ్లేసరికి వెనక గదిలో టిఫిన్ బాక్సు తెరుచుకుని ఉంది. నిలబడే చెప్పేశాను, ఇప్పుడే పుంగనూరు పోయి పెదనాయనకు అంతా చెబుతానని.

అక్క చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"యాల చెప్తావు ఇప్పుడు? నన్ను ఆపినానని బాధపడతాండాడు. అది తట్టుకుంటాడు. బిడ్డ నిజం చెప్పినా నమ్మలేదే అనేది తెలిస్తే తట్టుకోలేడు. ఆయన గుండె ఎట్లుండాదో నీకు తెల్దు."

"మరి నేనేం చేసేదక్కా?"

"అది నన్ను అడగొద్దు."

కోపంగా కూడా అనలేదు. రెండు ముద్దలు తిని, సగం బాక్సు మూసేసింది. బయట రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఆమె చేతి తొడుగులు వేసుకుని వెళ్లిపోయింది. నేను పుంగనూరు పోలేదు. బస్టాండులో బెంగుళూరు బస్సు ఎక్కి కూర్చున్నాను. వెనక్కి తిరిగినందుకు సిగ్గుపడ్డాను. సిగ్గుతో పాటు, తప్పించుకున్నట్టు కొంచెం ఊపిరి కూడా ఆడింది. ఆ ఊపిరి ఆడడమే నన్ను ఎక్కువగా భయపెడుతోంది.

అక్క క్షమించానని అనలేదు. అనదు. అనమని అడిగే హక్కు నాకు లేదు. పెదనాయనకు చెప్పే దారి మూసుకుపోయింది. ఆ దారి మూసింది అక్కేనని ఇంకోసారి ఆమె మీదికే నెడతానేమోనని కూడా భయంగా ఉంది. అందుకే ఇక్కడ రాశాను. ఇంతవరకూ ఇది మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలిసింది. దీంతో ఏదీ సరికాదు. కానీ రాసేటప్పుడు ఒక్కచోట కూడా మొహం తిప్పుకోలేదు. అది మాత్రం చెప్పగలను.