రంగమ్మత్త కూర్చున్న చీర

ఇరవై నాలుగేళ్ల వయసులో, ఒక్క మధ్యాహ్నం చేసిన పనికి, నేను వంశం మొత్తం చేత తిట్లు తిన్నాను. బతికున్నవాళ్లు సరే, పోయినవాళ్లలో కూడా ఒకరికి నామీద కోపం వచ్చే ఉంటుంది. ఎలాగో చెప్తాను. మీరూ నవ్వుకోండి, మా ఇంట్లో ఇంకా మానలేదు.

ఎనభైల్లో, తమిళనాడు ధర్మపురిలో మాట. మా నాన్నకు అక్క రంగమ్మత్త హరూరు నుంచి వస్తోంది. కూతురు సుశీలను నాకివ్వాలా, కడత్తూరులో ఎరువుల కొట్టున్న అబ్బాయికివ్వాలా అన్నది ఆ రాకతో తేలుతుంది. నాకేమో సుశీల తప్ప వేరే ధ్యాస లేదు. అత్తకు మోకాళ్ల నొప్పి, చాపమీద కూర్చోలేదు. మా ఇంట్లో ఉన్నవల్లా నాన్న తన పెళ్లి కొత్తలో చేయించిన రెండు టేకు కుర్చీలు. వంపు తిరిగిన చేతులు, కిందికి సన్నబడే కాళ్లు, ఆ రోజుల్లో అదే గొప్ప ఫ్యాషనట. అప్పటికి సీట్లు చిరిగి పీచు బయటపడి, వాటిమీద పిల్లి ఒక్కటే కూర్చునేది.

వాటిని బాగుచేసి అత్త మనసు గెలుద్దామనుకున్నాను. నాలుగు రోజులు ఉప్పుకాగితం రుద్ది, వార్నీషు కొట్టి, చేతుల తోలు ఊడగొట్టుకున్నాను. బస్సు సీట్లు కుట్టే మాణిక్కం కుషన్లు కొట్టడానికి ఒప్పుకున్నాడు గానీ, అతని దగ్గర ఉన్నదంతా రెక్సినే. అత్తను టౌను బస్సులో కూర్చోబెట్టినట్టుంటుందని నాకు రోషం వచ్చింది. ఇంటికొచ్చి వెతికితే, అటకమీద వెదురుపెట్టెలో కొత్త పట్టుచీర, మెరూన్ రంగుది, దొరికింది. అమ్మ కారిమంగళం సంతకు వెళ్లింది. అడగడానికి మనిషి లేదు, ఆగడానికి నాకు బుద్ధి లేదు. సీట్లకు, వీపులకు కలిపి నాలుగు ముక్కలు కోసి, మిగిలింది పెట్టెలోనే భద్రంగా మడిచి పెట్టాను. పైగా పొదుపరినని మురిసిపోయాను కూడా.

కుర్చీలు మాణిక్కం దగ్గర నుంచి వచ్చేసరికి అత్త, సుశీల వాకిట్లో ఉన్నారు. అమ్మ వంటింట్లో ఉంది. అత్త కూర్చుని, కుర్చీ చేతులు నిమిరింది.

"ఏమిరా, నువ్వే చేసినావా? బట్ట బలే ఉండాది."

నాకు పెళ్లిపందిరి కళ్లముందు కనబడింది. అప్పుడే అమ్మ కాఫీ తెచ్చింది. కుర్చీని చూసింది, నన్ను చూసింది, అటకవైపు చూసింది.

"వదినా, రవ్వంత లెయ్యండి."

"ఇప్పుడే కదే కూర్చున్నాను."

"మీరు కూర్చున్నది మీ చీరమీదనే."

విషయమేమిటంటే, మా నాన్న నాయనమ్మ పసుపుకుంకుమలతో పోయింది. ఏటా అవ్వ పండగని ఆమెకు చీర పెట్టి మొక్కి, పెట్టెలో దాచి, మరుసటి ఏడు ఇంటి ఆడపడుచు ఒకరు కట్టుకుంటారు. ఆ ఏడు వంతు రంగమ్మత్తది. మళ్లీ రావాలంటే మిగతా ముగ్గురు చెల్లెళ్ల వంతులూ అయిపోవాలి. ఇదంతా ఆడవాళ్లకు తెలుసు. మగవాళ్లం పొంగలి తిని నిద్రపోయే శాఖ.

కొత్త చీర కొనిస్తానన్నాను. అది ఇంకో తప్పు. అవ్వకు పెట్టిన చీర అంగట్లో దొరుకుతుందా అని అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. నాన్న నన్ను తెలుగులో తిట్టి, చాలక తమిళంలో తిట్టి, మళ్లీ తెలుగుకొచ్చాడు. నాకు నిజంగానే సిగ్గేసింది. సుశీల ఇక కడత్తూరు కోడలేనని ఖాయం చేసుకున్నాను.

చివరికి అత్త కళ్లు తుడుచుకుని తీర్పు చెప్పింది.

"నువ్వే పీకాల, నువ్వే కుట్టాల. ఆ చీర నేను కట్టినంకనే పిల్లనిచ్చే మాట."

రెండు రోజులు నేలమీద కూర్చుని మేకులు పీకాను. సుశీల గడపలో కూర్చుని, ఒక్కో మేకు ఊడినప్పుడల్లా మొహం తిప్పుకుని నవ్వింది. ఆ తర్వాత నాలుగు ముక్కలనూ చీరకు అతికి కుట్టాను. కుట్లు మా ఊరి రోడ్లలాగే వచ్చాయి.

అవ్వ పండగనాడు అత్త ఆ చీర కట్టుకుంది. మాట ప్రకారం పిల్లనిచ్చింది. అంతటితో ఊరుకోకుండా మా పెళ్లికీ అదే కట్టి, వచ్చిన ప్రతి బంధువుకూ కొంగు పరిచి, మేకుల బెజ్జాలు చూపించి, "మా అల్లుడు కుట్టినాడు" అని చెప్పింది. తాళి కట్టిన నా చేతుల గురించి పందిట్లో ఒక్కరూ మాట్లాడలేదు.

కాబట్టి అవ్వ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఎవరినీ అడగకుండా కత్తెర పట్టను. గోళ్లు కూడా సుశీలనడిగే కత్తిరించుకుంటున్నాను. ఇప్పటికి రెండుసార్లు వద్దంది.