చిక్కమ్మ చేనులో రెండో గుంత

కుప్పం నుంచి మదనపల్లె దాకా అలావుద్దీన్ చేతి బరమా దిగని ఊరు లేదనేవారు. ఆ మాట అందరికంటే ఎక్కువగా అన్నది అలావుద్దీనే అయినా, అందులో అబద్ధం మాత్రం లేదు.

ముప్పై ఏళ్ళు నీళ్ళ కోసం బరమాతో నేల తొలిచిన ఆ మనిషిని 1983లో సర్కారు ఇంజనీరు దొరస్వామి మట్టి కోసం పిలిచాడు. పుంగనూరు శివారులో ఒక తోళ్ళ ఫ్యాక్టరీ ఉండేది. దాని మురుగుకాలవ పక్కనే చిక్కమ్మ చేను. మూడేళ్ళుగా వేరుశనగ మొలిచినట్టే మొలిచి మాడిపోతోంది. అది ఆమె చల్లుకున్న పురుగుమందు పాపమేనని ఫ్యాక్టరీవాళ్ళు వాదించారు. తొమ్మిదడుగుల లోతున ఫ్యాక్టరీ మందు కనబడితే ఆమెకు వేరేచోట చేను ఇవ్వాలి. కనబడకపోతే ఆమె నోట్లో ఆ మట్టే.

దొరస్వామి చెప్పిన పద్ధతులను అలావుద్దీన్ వారంలో పట్టేశాడు. మొదటి గుంత మంచి నేలలో, చివరిది చెడిన నేలలో. అడుగడుగుకీ బరమా కడగాలి. పైకొచ్చిన మట్టి ముద్దకు పైపొర గీకేసి, నడిమి మట్టినే సీసాలో పెట్టాలి. ఇనుప కడ్డీల అతుకులకు తండ్రి కాలం నుంచి రాస్తున్న నూనె కూడా మానేశాడు. చేను బావి నీళ్ళతో కడిగితే ఆ విషమే బరమాకు అంటుతుందని, మదనపల్లె నుంచి డ్రమ్ములో నీళ్ళు తెచ్చాడు. ఈ ఆలోచన ఇంజనీరుది కాదు, తనది. ఆ సంగతి ఎదుటివాడికి చెప్పనిదే ఆయనకు టీ కూడా దిగేది కాదు.

మట్టి తీసిన రోజు మధ్యాహ్నానికి చిక్కమ్మ చేనులో చివరి గుంత తొమ్మిదడుగులు దిగింది. సీసాలకు సీళ్ళు పడ్డాయి. ఫ్యాక్టరీ మేనేజరు గోవిందస్వామి పొద్దుటినుంచీ గట్టు మీద కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. బరమా కడుగుతుంటే అలావుద్దీన్ చేతికి టెంకాయ చిప్ప ముక్క తగిలింది. దానికి ఎర్రటి మరక.

"చిక్కక్కా, ఈడ ఏమన్నా చేసినావా?"

"గుర్తు పెట్టిన కాడ తెల్లారే టెంకాయ కొట్టి, పసుపూ కుంకం నీళ్ళు పోస్తినన్నా. ఎవురూ తొక్కకుండా మన్ను కప్పినా. బోరు దించే ముందు భూమితల్లికి పొయ్యకుండా యాల ఉంటాను?"

కుంకుమలో సున్నం ఉంటుంది, రంగు ఉంటుంది. ఫ్యాక్టరీ వాడేదీ సున్నమూ రంగులే. పైనున్న మట్టి లోపలికి రాలితే ఏది ఎక్కడిదో తేల్చేదెవరు? ఆయన దొరస్వామికి చెప్పేశాడు.

దొరస్వామి గొంతు తగ్గించాడు. "ఎవరూ చూడలేదు కదప్పా. గంటలో జీపు వెళ్ళిపోవాలి."

"నేను సూసినా గదా సార్. ఆ సీసాలు అందరి ముందరా ఒలకబొయ్యండి, యాల పారబోస్తిమో మీ పుస్తకంలో రాయండి. పది బారల అవతల మళ్ళా దించుతా."

సీసాలు నేల మీద ఒలుకుతుంటే గోవిందస్వామి కుర్చీలోంచి లేచాడు. ఆయన ముఖం మాడిపోయింది. చిక్కమ్మ టెంకాయ కొట్టడం పొద్దున్నే ఆయన కళ్ళబడింది. నివేదిక వచ్చాక ఆ మాట బయటపెట్టి అంతా కొట్టేయిద్దామని కాచుకున్నాడు. పాపం, అంత ఓపికా వృథా అయింది.

అలావుద్దీన్ మళ్ళీ బరమా పట్టాడు. అరచేతుల బొబ్బలు చితికాయి. జీపు డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ విసిగిపోయాడు. చీకటి పడకముందే కొత్త గుంతలోంచి తొమ్మిది సీసాలు లేచాయి. ఆ గుంతకు వంక పెట్టడానికి ఎవరికీ సందు లేదు.

ఆ సీసాల్లోనే ఫ్యాక్టరీ మందు దొరికింది. మదనపల్లెలో జరిగిన విచారణలో మట్టి ఎలా తీశారని అధికారి అడిగితే, దొరస్వామి పుస్తకం తెరిచి పారబోసిన సీసాల సంగతే ముందు చదివాడు. వెనక బెంచీ మీద అలావుద్దీన్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పెరగదా మరి!

ఏడాది తిరగకుండా చిక్కమ్మకు సోమల దారిలో వేరే చేను వచ్చింది. అక్కడ నీళ్ళ బోరుకు అలావుద్దీన్‌నే పిలిచింది. ఆయన వెళ్ళేసరికి ఆమె పసుపూ కుంకం నీళ్ళ చెంబు పట్టుకుని బోరు గుర్తుకు ఇరవై గజాల దూరంలో బెదురుగా నిలబడి ఉంది.

"పొయ్యొచ్చా అన్నా?"

అలావుద్దీన్ బరమా పక్కన పెట్టి, ఆమెకు దారి వదిలాడు.

"పొయ్యక్కా. ఈ నేలకు కడుపునిండా పొయ్యి."